నాగా, ఖాడా: పెన్‌గంగకు ఇవతల జ్వరం లెక్క

మహారాష్ట్రలోని పాండ్రకవడలో ఒక బట్టల దుకాణం హాజరు పుస్తకం చూశాను. అట్ట ఊడిన పెద్ద నోటుబుక్కు, పేర్ల పక్కన గళ్లు. ఒక పేరుకు ఎదురుగా వరసగా మూడు గళ్లలో ఎర్ర సిరాతో మరాఠీలో 'ఖా' అని రాసి ఉంది. ఖా అంటే ఖాడా, మన మాటలో నాగా. ఆ మూడు రోజులూ జ్వరంతో పడుకున్నానని ఆ పేరు గల కుర్రాడే చెప్పాడు, తెలుగులోనే. నెలాఖరున మూడు రోజుల జీతం కట్.

యవత్మాల్ జిల్లా అంచున ఉండే మన తెలుగువాళ్లకు ఆదిలాబాద్ పరాయి ఊరేం కాదు. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ అక్కడి నుంచే, మధ్యలో పెన్‌గంగ ఉందంతే. కానీ అదే కుర్రాడు నది దాటి ఆదిలాబాద్ బజార్లో ఇదే పని చేస్తే, కాగితం మీదైనా లెక్క మారుతుంది. తెలంగాణలో అమలవుతున్న 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం జబ్బు చేస్తే ఏడాదికి 12 రోజులు, క్యాజువల్‌గా మరో 12 రోజులు జీతంతో సెలవు ఇమ్మంటుంది. మహారాష్ట్ర 2017 చట్టంలో జబ్బు సెలవంటూ విడిగా ఏమీ లేదు. క్యాజువల్ 8 రోజులు. జ్వరమొచ్చినా, మేనత్త కూతురి పెళ్లయినా అందులోంచే తీసుకోవాలి. కొంత పని చేశాక వచ్చే ఆర్జిత సెలవు వేరే ఉంది గానీ, జ్వరం ముందుగా చెప్పి రాదు కదా.

ఈ 12 రోజుల లెక్క పాతది. 1947లో మద్రాసు ప్రెసిడెన్సీ చేసిన దుకాణాల చట్టంలోనే జబ్బుకు 12, క్యాజువల్‌కు 12 అని ఉంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా ఆ చట్టం వెంట వచ్చింది. ఆంధ్రప్రదేశ్ మొత్తానికీ 1966లో ఒక చట్టం, దాని స్థానంలో 1988లో మరొకటి వచ్చాయి. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక అక్కడా అదే కొనసాగింది. ఆదిలాబాద్ ఏనాడూ మద్రాసు పాలనలో లేదు. అయినా మద్రాసు లెక్క అక్కడి దుకాణాల దాకా నడిచొచ్చింది.

పెన్‌గంగకు ఇవతల దారి వేరు. మన యవత్మాల్ ఉన్న బేరార్ ప్రాంతం కూడా ఒకప్పుడు నిజాందే. 1853లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది, తర్వాత సెంట్రల్ ప్రావిన్సెస్‌తో కలిసింది, 1956లో బొంబాయి రాష్ట్రంలో, 1960లో మహారాష్ట్రలో చేరింది. బొంబాయి 1948 చట్టానికి ఇంతమంది పనివాళ్లు ఉండాలన్న షరతు లేదు. 2017లో కొత్త చట్టం వచ్చాక సెలవుల నియమాలు కనీసం 10 మంది పనిచేసే చోటికే పరిమితమయ్యాయి. ఆ గీతను 20కి జరపాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఈ ఊళ్లలో ఇరవై మందితో నడిచే దుకాణం ఎక్కడుందో చూపించమంటే నేనైతే చాలాసేపు ఆలోచించాలి.

ఫ్యాక్టరీల సంగతి ఇంకో కథ. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనూ జబ్బు సెలవు లేదు. జబ్బు ఖర్చు ఒక్క యజమాని నెత్తిన పెట్టకుండా, యజమానీ కార్మికుడూ ఇద్దరూ చందా కట్టే బీమాగా చూడాలన్నది అప్పటి ఆలోచన. 1931లో కార్మికుల స్థితిగతులు చూసిన విట్లీ కమిషన్ ఈ మాట గట్టిగా చెప్పింది. 1943లో ప్రొఫెసర్ బి.పి. అదార్కర్‌కు పథకం రాసే పని అప్పగిస్తే, ఆయన మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. దాని మీద 1948లో ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ పథకాన్ని ప్రారంభించారు.

ఇప్పుడు ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే సగటు రోజు కూలీలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. నెల జీతం 21,000 దాటకూడదు. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా పడి ఉండాలి. ఇంకో మెలిక కూడా ఉంది. మొదటి రెండు రోజులకు డబ్బు రాదు, పదిహేను రోజుల్లోపు మళ్లీ జబ్బు పడితే తప్ప. రోజుకు 500 వచ్చే మనిషి మూడు రోజులు మంచం పడితే 1,500 పోయి 350 చేతికొస్తుంది. ఆ 350 కోసం ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ కావాలి. డిస్పెన్సరీ పక్క ఊళ్లో ఉంటే బస్సు చార్జీ, ఇంకో పూట కూలీ కూడా లెక్కలోకి వస్తాయి. చాలామంది మందుల షాపులో నాలుగు గోళీలు కొనుక్కుని పనికెళ్లిపోతారు.

మన దగ్గర ఫ్యాక్టరీ అంటే ముందు గుర్తొచ్చేది పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగ్ మిల్లు. వణి, పాండ్రకవడ వైపు దీపావళి దాటితే పత్తి బండ్లు బారులు తీరతాయి. లోపల దూది నలుసులు గాల్లో తేలుతుంటాయి, ముక్కుకు కండువా కట్టుకుని ఆడవాళ్లు పత్తిలోంచి చెత్త ఏరుతుంటారు. దగ్గు రాని కూలీ ఉండరు. ఈఎస్ఐ కార్డు మాత్రం వీళ్లకు రాదు. అదార్కర్ తన పథకాన్ని ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలకే పరిమితం చేశారు. చట్టం కూడా 'సీజనల్ ఫ్యాక్టరీ'లను పక్కన పెట్టి, వాటి జాబితాలో పత్తి జిన్నింగ్‌ను పేరు పెట్టి మరీ చేర్చింది. నాలుగైదు నెలల చందాతో ఏడాది బీమా నడవదన్న లెక్క కావచ్చు. 1940లలో అది ఒప్పుకోదగ్గ మాటే.

ఫ్యాక్టరీల చట్టం ఏటా జీతంతో ఇచ్చే సెలవు కూడా వీళ్లకు అందలేదు, దానికి 240 రోజుల పని కావాల్సి ఉండేది. పాత కార్మిక చట్టాల స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు దాన్ని 180కి తగ్గించాయి. నెలకు 26 రోజుల చొప్పున ఐదు నెలల సీజన్ అంటే 130 రోజులే. సామాజిక భద్రత కోడ్ ఈఎస్ఐని పది మంది పనిచేసే ప్రతి సంస్థకూ అని రాసి, 'సీజనల్ ఫ్యాక్టరీ తప్ప' అన్న మాటను అలాగే ఉంచింది.

మిల్లులో హాజరు పుస్తకం మేస్త్రీ జేబులో ఉంటుంది. అందులో ఎర్ర సిరా కనపడదు. రాని రోజు గడి ఖాళీగా ఉంటుంది.