అమెరికాలో టీచర్ శిక్షణ: పైరవీ అపోహ, ఇంకొన్ని

స్కూల్ కాంప్లెక్స్ మీటింగ్‌కు పోయినా, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కు పోయినా నన్ను మొదట అడిగేది ఒకటే. "ఎవలతోని పైరవీ చేయించిన్రు మేడం? ఎంతయింది?" నేను వరంగల్ దగ్గరి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. ఫుల్‌బ్రైట్ టీచింగ్ ఎక్సలెన్స్ అండ్ అచీవ్‌మెంట్ అనే అమెరికా ప్రభుత్వ ప్రోగ్రామ్ కింద ఆరు వారాలు అమెరికాలో శిక్షణ తీసుకుని వచ్చాను. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఈ ఒక్క మాట నమ్మి మంచి మంచి టీచర్లు అప్లికేషన్ కూడా తెరవకుండా ఆగిపోతున్నారు. అందుకే మిగతా అపోహల కంటే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: పైరవీ, పైసలు ఉంటేనే పంపిస్తారు.

వాస్తవం: అప్లికేషన్‌కు ఫీజు లేదు. విమానం టికెట్, బస, తిండి, ఆరోగ్య బీమా అన్నీ ప్రోగ్రామే భరించింది. డబ్బు అమెరికా విదేశాంగ శాఖది. మన దేశంలో ఫుల్‌బ్రైట్ వ్యవహారాలు చూసేది యూఎస్‌ఐఈఎఫ్ (యునైటెడ్ స్టేట్స్-ఇండియా ఎడ్యుకేషనల్ ఫౌండేషన్), 1950లో రెండు ప్రభుత్వాల ఒప్పందంతో మొదలైన సంస్థ. మధ్యలో ఏజెంటుకు పనే లేదు. "నాకు లోపల తెలిసినోళ్లున్నరు" అని ఎవరైనా అంటే అక్కడినుంచి లేచి రండి.

నర్సంపేట వైపు ఒక మ్యాథ్స్ సార్ ఓ రాత్రి ఫోన్ చేశాడు. ఫైల్ కదలాలంటే ఖర్చవుతుందని ఒక కన్సల్టెన్సీ అతను అప్పటికే రెండు విడతలుగా డబ్బు తీసుకున్నాడట. "ఇంట్ల చెప్పలే మేడం" అన్నాడు, గొంతు వణుకుతోంది. డబ్బు ఒక నష్టం. అప్లికేషన్‌లో పెట్టాల్సిన వ్యాసాలు కూడా ఆ ఏజెంటే రాసిచ్చాడు, అది అంతకన్నా పెద్ద నష్టం. చదివి చూశాను. అంకితభావం, నవభారత నిర్మాణం, విద్యే వెలుగు... ఆ సార్ మనిషి అందులో ఎక్కడా లేడు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఋణ సంఖ్యలు అర్థం కావడానికి ఊళ్లో కిరాణా కొట్టు ఉద్దెర ఖాతా పుస్తకం తెచ్చి చెప్పే మనిషి ఆయన. అదొక్కటి రాసినా చాలు, చదివేవాళ్లు ఆగి చూసేవారు. ఈసారి తనే రాసుకుంటున్నాడు.

ఎంపికలో ఆ వ్యాసాలకు చాలా బరువుంటుంది. మీ తరగతి గదిలో ఇబ్బంది ఏమిటి, దానికి మీరేం చేశారు, ఇంకేం నేర్చుకోవాలనుకుంటున్నారు. నేను పత్తి గురించి రాశాను. దసరా దాటి పత్తి ఏరడం మొదలైతే మా దగ్గర బెంచీలు ఖాళీ అవుతాయి, ముందుగా ఆడపిల్లలవే. వాళ్లు తిరిగొచ్చేసరికి రెండు పాఠాలు దాటిపోతాయి. పక్కింటి పిల్లల చేతికి చిన్న ప్రశ్నల చీటీలు ఇచ్చి పంపి, రోజూ ప్రార్థనకు ముందు పది నిమిషాలు కూర్చోబెట్టి ఎలా అందుకునేలా చేస్తున్నానో రాశాను. ఇంటర్వ్యూలోనూ దాని గురించే అడిగారు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పోయే ప్రతి మండలంలో ఇలాంటి కథ చెప్పగల టీచర్లున్నారు.

ఇంగ్లీష్ దంచికొట్టాలి అన్నది ఇంకో భయం. టోఫెల్ అనే ఇంగ్లీష్ పరీక్ష ఉంటుంది, నిజమే. నా పరీక్ష ఫీజు ప్రోగ్రామే కట్టింది. విషయం స్పష్టంగా చెప్పగలిగితే చాలు, యాస గురించి టెన్షన్ వద్దు. నా బ్యాచ్‌లో చాలా దేశాలవాళ్లున్నారు, ఎవరి యాస వాళ్లదే.

పోతే అక్కడే ఉండిపోవచ్చు అనుకునేవాళ్లకు: ఇది జే-1 వీసా, అంటే చదువు, శిక్షణల కోసం పోయి తిరిగొచ్చేవాళ్లకు ఇచ్చేది. ప్రభుత్వ నిధులతో పోయినవాళ్లు తిరిగొచ్చి రెండేళ్లు సొంత దేశంలో ఉంటేనే మామూలుగా హెచ్-1బీ ఉద్యోగ వీసా గానీ గ్రీన్ కార్డు గానీ దొరుకుతాయి. ఆ ఆలోచనతో అప్లై చేయకండి.

ఇక "అక్కడ ల్యాబులుంటయి, మన బళ్లె ఏం పనికొస్తయి" అనే మాట. ఇది వింటే నాకు ఓపిక నశిస్తుంది. నేను నేర్చుకున్నవాటిలో ఎక్కువ ఉపయోగపడినదానికి రూపాయి ఖర్చు లేదు. అమెరికాలో నన్ను జతచేసిన స్కూల్లో సైన్స్ టీచర్ ఒక ప్రశ్న అడిగి నోరు మెదపకుండా నిలబడింది. నాకు వెనక కూర్చుని ఊపిరాడలేదు, జవాబు నేనే చెప్పేద్దామనిపించింది. ఆమె కదల్లేదు. చివరికి కిటికీ పక్కన కూర్చున్న, అప్పటిదాకా మాట్లాడని పిల్లాడు చెయ్యెత్తాడు. టీచర్లు ప్రశ్న వేశాక సాధారణంగా సెకను కూడా ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయని, పొడవవుతాయని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970లలోనే చూపించారు. చదవడం వేరు, గదిలో కూర్చుని చూడడం వేరు.

ఇప్పుడు సాంద్రత పాఠానికి రామప్ప గుడి ఇటుక తీసుకుంటాను. 1213 నాటి గుడి, శిఖరంలో నీళ్ల మీద తేలే ఇటుకలు. అంటే వాటి సాంద్రత ఘనపు సెంటీమీటరుకు ఒక గ్రాము కన్నా తక్కువ. మరి మన ఇటుక బట్టీది ఎంత? పిల్లలే ముక్క తెచ్చారు, తూచారు, ఘనపరిమాణం కోసం నీళ్లు పోసిన కొలజాడీలో వేయబోయారు. "ఇందులో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని అడిగి ఆగాను. చాలాసేపటికి పత్తికి పోయొచ్చిన ఒక అమ్మాయి లేచింది. "టీచర్, ఇటుక నీళ్లు తాగుతది గద. పైకి రావాల్సిన నీళ్లు అండ్లకే పోతయ్. ముందుగాల తూచి, నానవెట్టి, గప్పుడు ఏద్దాం." ఏడాదంతా నోరు విప్పని పిల్ల. నేను ఆగకపోయి ఉంటే ఆ మాట దానిలోనే ఉండిపోయేది. ఆ శిక్షణ నాకేమిచ్చింది అని ఎవరడిగినా ఈ పిల్ల గురించే చెబుతాను.

ఫారిన్ పోయొచ్చినవాళ్లకు గర్వం పెరుగుతుందని కూడా అంటారు. నాకైతే ఎవరెవరికి ఋణపడ్డానో తెలిసొచ్చింది. ఆ ఆరు వారాలు తన పీరియడ్లతోపాటు నా పీరియడ్లూ చెప్పిన మ్యాథ్స్ మేడం, పర్మిషన్ కాగితాల కోసం డీఈఓ ఆఫీసు చుట్టూ తిరిగిన హెడ్మాస్టర్ సార్, పిల్లల్ని చూసుకున్న మా అత్తమ్మ. వీళ్లెవరూ సర్టిఫికెట్ మీద ఉండరు. తనకు తెలిసిందంతా దాచుకోకుండా చెప్పి, పాఠం ప్లాన్లన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చిన ఆ అమెరికా టీచర్‌కు మా పిల్లలు రామప్ప బొమ్మ గీసి పంపారు. ఇంతమంది చేతులు పడితే పోయొచ్చినదాన్ని, అడిగినవాళ్లకు చెప్పకుండా ఎట్లా ఉంటాను?

పాస్‌పోర్టు లేనివాళ్లు ముందు అది చేయించుకోండి, వరంగల్‌లోనే అవుతుంది. శాఖ అనుమతికి టైం పడుతుంది, ఆఖరి వారం దాకా ఆగొద్దు. ఈ ఏడాది నోటిఫికేషన్, అర్హతలు యూఎస్‌ఐఈఎఫ్ సైట్‌లోనే చూడండి, వాట్సాప్ ఫార్వర్డులు నమ్మకండి. వ్యాసం రాశాక చదివిపెట్టమంటే చదువుతాను. తెలుగులో రాసి తెచ్చినా సరే, ఇంగ్లీష్ చేసే పని కలిసి కూర్చుని చేద్దాం.