నాలుగు టైర్ల ఇంటికి నేల ఎక్కడ?

మా బావ ఒక పాత టెంపో ట్రావెలర్ కొని, బెంగళూరు శివార్లలో ఒక బాడీ షెడ్డులో నెలల తరబడి పని చేయించి దాన్ని ఇల్లుగా మార్చాడు. రెండు పడకలు, చిన్న వంటగట్టు, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు, ఒక ఏసీ, ఆరు లీటర్ల గీజరు. సినిమా షూటింగుల వల్ల మనకు కారవాన్ అన్న మాట అలవాటు కాబట్టి మేమూ అలాగే అంటాం. అమెరికాలో మన పిల్లలు అద్దెకు తీసుకుని ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్లే ఆర్‌వీ కూడా ఇలాంటిదే, కాస్త పెద్దది.

పోయిన వర్షాకాలంలో కనకపుర రోడ్డు వైపు ఒక ఫామ్‌స్టేలో రాత్రి ఆగాం. షెడ్డు గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌లో కేబుల్ పెట్టాం, తోట కుళాయికి పైపు తగిలించాం. రాత్రంతా వాన. పొద్దున్నే అక్క గీజరు వేసి, చెప్పుల్లేకుండా తడి గడ్డి మీదికి దిగి, తలుపు మూయబోయి చెయ్యి విదిలించుకుంది. "ఒరేయ్, హ్యాండిల్ ముట్టుకోకండి, షాక్ కొడుతోంది!" అని అరిచింది. లోపల నిలబడి అదే తలుపు పట్టుకుని ఉన్న బావ, "నాకేం తెలియట్లేదే" అన్నాడు.

ఇద్దరి మాటా నిజమే. ఆ పొద్దుటి నుంచి ఈ విషయం నన్ను వదల్లేదు.

కరెంటు పారాలంటే వెళ్లే దారితో పాటు తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ను, అంటే ఆ తిరిగొచ్చే వైరును, భూమిలో పాతిన ఎర్త్‌కు కలిపి ఉంచుతారు. అంటే మనం నిలబడిన నేల కూడా ఆ సర్క్యూట్‌కు రెండో కొసే. బండి లోపల ఎక్కడో ఫేజ్, అంటే కరెంటు తెచ్చే వైరు, బాడీకి తగిలితే రేకు, తలుపు, మెట్టు అన్నీ 230 వోల్టుల దగ్గర ఉంటాయి. లోపలున్న బావ కాళ్ల కింద ఉన్నదీ, చేతిలో ఉన్నదీ ఒకే వోల్టేజీ. తీగ మీద వాలిన కాకికి ఏమీ కానట్టే ఆయనకూ ఏమీ కాలేదు. అక్క చెయ్యి బండి మీద, పాదాలు తడి నేల మీద. తిరుగు దారి ఆమె ఒంట్లోంచి ఏర్పడింది.

మామూలు ఇల్లు నేల మీదే కట్టి ఉంటుంది. పక్కనే ఎర్త్ పిట్ ఉంటుంది, ఫ్రిజ్, గీజరు లాంటి వాటి లోహపు బాడీలు మూడో వైరు ద్వారా దానికి కలిసి ఉంటాయి. బండి మాత్రం రబ్బరు టైర్ల మీద నేలకు దూరంగా నిలబడి ఉంటుంది. దానికి భూమితో ఉన్న నమ్మదగిన బంధం ఒక్కటే: మనం రాత్రికి అరువు తెచ్చుకున్న సాకెట్‌లోని ఎర్త్. మన త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెంటి కంటే పొడుగ్గా ఉండేది కూడా అందుకే. ప్లగ్ పెట్టేటప్పుడు అందరికంటే ముందు అది కలవాలి, తీసేటప్పుడు అందరికంటే చివర విడిపోవాలి. ఆ ఫామ్‌స్టే సాకెట్ విప్పి చూస్తే ఎర్త్ రంధ్రం వెనక వైరే లేదు. బయటికి మూడు రంధ్రాలు, లోపల రెండే వైర్లు.

సరే, అసలు ఫేజ్ బాడీకి ఎలా తగిలింది? జవాబు నీళ్లలో దొరికింది. గీజరు విప్పితే ఎలిమెంటు మీద సున్నం పూత వేసినంత మందంగా తెల్లటి పెచ్చు. 2024 వేసవిలో బోర్లు ఎండిపోయి బెంగళూరు తూర్పు వైపు జనం ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల దూరం నుంచి పంపుల మీద ఎక్కి ఈ ఊరికి వస్తాయి. అవి అందని చోట బోరు నీళ్లే దిక్కు. బావ బండి ట్యాంకు నిండేదీ వాటితోనే. తాగే నీటి కఠినత లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనప్పుడు 600 దాకా పర్వాలేదని దేశంలో ప్రమాణాలు నిర్ణయించే బీఐఎస్ చెబుతుంది. కఠినమైన నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ విడిపోయి, కార్బన్ డయాక్సైడ్ వెళ్లిపోయి, కాల్షియం కార్బొనేట్ గట్టిపడుతుంది. అది ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే పేరుకుంటుంది, అంటే ఎలిమెంటు మీదే. ఆ పెచ్చు వేడిని సరిగ్గా దాటనివ్వదు. లోపల ఎలిమెంటు ఉండాల్సిన దానికంటే ఎక్కువ కాలి, దాని లోహపు తొడుగు ఒకచోట సన్నగా చిట్లింది. అక్కడి నుంచి కరెంటు నీళ్లలోకి, నీళ్ల నుంచి గీజరు బాడీకి, బాడీ నుంచి బండి రేకుకు చేరింది. ప్లంబరు పని, ఎలక్ట్రీషియన్ పని అని మనం వేరు చేస్తాం గానీ, ఈ బండిలో బోరు నీళ్లు పెట్టిన పెచ్చు చివరికి డోర్ హ్యాండిల్ దగ్గర షాక్ అయింది.

చీలిక సన్నది కావడం, మధ్యలో నీళ్లు అడ్డుండటం వల్ల అక్క బతికిపోయింది. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓమ్‌లు అనుకుంటే, పూర్తి 230 వోల్టులకు దాదాపు 230 మిల్లీ ఆంపియర్లు పారతాయి. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కాసేపు సాగితే చాలు, ప్రాణానికి ప్రమాదం. బండిలో ఉన్న 16 ఆంపియర్ల ఎమ్‌సీబీకి (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) ఇది చీమ కుట్టినంత కూడా కాదు. ఎమ్‌సీబీ ఉన్నది వైర్లు కాలకుండా కాపాడటానికి. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది నిరంతరం లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడితే సెకనులో మూడో వంతు కూడా గడవక ముందే సప్లై కట్ చేస్తుంది. ఎర్త్ బాగుంటే ఎవరూ ముట్టుకోకముందే లీకేజీ ఎర్త్ వైరులో పారి అది పడిపోతుంది. ఎర్త్ లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. అందుకే రెండూ కావాలి. ఇంకో సంగతి: బండిలో పెట్టిన ఆర్‌సీసీబీ బండి లోపలి వైరింగును మాత్రమే చూస్తుంది. సాకెట్ నుంచి బండి దాకా గడ్డిలో పడి ఉన్న కేబుల్ తెగితే దానికి తెలియదు. సాకెట్ దగ్గరే ఇంకొకటి ఉండాలి.

చాలామంది చెప్పే చిట్కా ఒకటి ఉంది: బండి పక్కన ఇనుప కడ్డీ పాతి వైరు కట్టేస్తే ఎర్త్ అయిపోతుందని. దయచేసి దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. ఒక మామూలు కడ్డీకి 50 ఓమ్‌ల నిరోధం ఉందనుకుందాం. 230ని 50తో భాగిస్తే 4.6 ఆంపియర్లు. ఎమ్‌సీబీ కదలదు, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉంటేనే ఆ కడ్డీకి ఏమైనా అర్థం.

లాప్‌టాప్ ఛార్జింగులో ఉన్నప్పుడు దాని రేకు మీద వేలితో నిమిరితే సన్నగా జివ్వుమంటుంది కదా, ఎర్త్ లేని ప్లగ్గులో అది మామూలే. ఛార్జర్ల లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును బాడీ వైపు వదులుతాయి. అది ప్రమాదం కాదు. కానీ బండిని ముట్టుకుంటే ఆ జివ్వు తెలిసిందంటే ఎర్త్ లేదని బండే చెబుతోందన్నమాట. "అదేం లేదులే" అని వదిలేయకూడదు.

కాబట్టి ఇప్పుడు మేం కేబుల్ బయటికి తీసేముందే వోల్టేజీ చూసే మల్టీమీటరు తీసి సాకెట్‌లో పెడతాం. ఫేజ్, న్యూట్రల్ మధ్య 230కి దగ్గరగా రావాలి. ఫేజ్, ఎర్త్ మధ్య దాదాపు అంతే రావాలి. న్యూట్రల్, ఎర్త్ మధ్య రెండు మూడు వోల్టుల కంటే ఎక్కువ ఉండకూడదు. మీటరు పట్టడం అలవాటు లేనివాళ్లకు మూడు లైట్లుండే ప్లగ్ టెస్టర్ దొరుకుతుంది. అయితే ఎర్త్, న్యూట్రల్ తారుమారైతే అది పట్టుకోలేదు.

వోల్టేజీ విషయంలో అసలు భయపడాల్సింది న్యూట్రల్ తెగినప్పుడు. మూడు ఫేజ్‌ల సప్లైలో ఫేజ్‌కూ ఫేజ్‌కూ మధ్య 400 వోల్టులు ఉంటాయి. న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే తక్కువ లోడ్ ఉన్న ఫేజ్ మీద వోల్టేజీ ఆ 400 వైపు ఎగబాకుతుంది, క్షణాల్లో ఏసీ బోర్డు, ఫ్రిజ్ మాడిపోతాయి. అమెరికా క్యాంప్‌గ్రౌండ్లలో 50 ఆంపియర్ల పోస్టుకు రెండు 120 వోల్టుల లైన్లు ఉంటాయి. అక్కడా న్యూట్రల్ పోతే ఇదే కథ. వాళ్ల 30 ఆంపియర్ల సాకెట్‌కు ఇంకో శాపం ఉంది. అది 120 వోల్టులది. తెలియని ఎలక్ట్రీషియన్ మూడు రంధ్రాలు చూసి 240 అనుకుని కలిపేస్తే, ప్లగ్ పెట్టిన మరుక్షణమే సామాన్లు పోతాయి. దేశమేదైనా మందు ఒకటే: వోల్టేజీ హద్దు దాటితే కట్ చేసే పరికరం. కరెంటు తిరిగొచ్చాక మూడు నిమిషాలు ఆగి ఇచ్చేది చూసి కొనండి. ఏసీ కంప్రెసర్‌కు రెండు వైపులా గ్యాస్ ప్రెషర్ సమానం కావడానికి ఆ టైము అవసరం.

కేబుల్ కూడా లెక్కలోకి వస్తుంది. బావ మొదట వాడింది ఒక చదరపు మిల్లీమీటరు మందం ఉన్న 30 మీటర్ల వైరు. పోను రాను 60 మీటర్ల రాగికి నిరోధం సుమారు 1.1 ఓమ్. ఏసీ, గీజరు కలిసి 14 ఆంపియర్లు లాగితే 15 వోల్టులు దారిలోనే పోతాయి, 200 వాట్లకు పైగా వేడి కేబుల్‌లోనే పుడుతుంది. పూర్తిగా పరిస్తే ఆ వేడి గాలికి పోతుంది. డ్రమ్ముకు చుట్టి ఉంచితే లోపలి చుట్లు కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. 4 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసుకుంటే నష్టం నాలుగో వంతుకు పడిపోతుంది.

ఇక నీళ్లు. పది మీటర్ల ఎత్తు నీటికి ప్లంబర్లు చెప్పే ఒక కేజీ ప్రెషర్. మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే ధారతో బండికి భయం లేదు. బోరు మోటారు డెలివరీ పైపు నుంచి నేరుగా ఇచ్చినా, ప్రెషర్ పంపు నుంచి ఇచ్చినా కష్టం. వందల అడుగుల లోతు నుంచి నీళ్లు ఎత్తే బలమంతా కట్టేసిన కుళాయి ముందు పైపు మీదే పడుతుంది. పైగా బండి జాయింట్లు ప్రతి గుంతకూ ఊగి ఊగి ఇంటి జాయింట్ల కంటే ముందే వదులవుతాయి. అమెరికాలో ఇత్తడి రెగ్యులేటర్ పెట్టి 40 నుంచి 50 పీఎస్‌ఐకి, అంటే మూడు కేజీల దగ్గరికి తగ్గిస్తారు. దాన్ని కుళాయి దగ్గరే బిగించాలి, అప్పుడే హోస్ కూడా బతుకుతుంది. కుళాయి ఠక్కున కడితే వచ్చే "ధబ్" శబ్దం సంగతి వేరే. 1890ల చివర్లో మాస్కో నీటి పైపుల మీద ప్రయోగాలు చేసి రష్యా శాస్త్రవేత్త నికోలాయ్ జుకోవ్‌స్కీ దీని లెక్క తేల్చాడు. సెకనుకు ఒక మీటరు వేగంతో పారే నీళ్లను లోహపు పైపులో ఒక్కసారిగా ఆపితే ప్రెషర్ పది కేజీలకు పైగా ఎగురుతుంది.

మన దగ్గర నా సలహా మాత్రం నేరుగా కలపొద్దనే. ఫిల్టర్ గుండా ట్యాంకు నింపుకుని, హోస్ తీసేసి, బండిలోని 12 వోల్టుల పంపుతో వాడుకుంటే ఊరి ప్రెషర్‌తో పనే లేదు. రాత్రి జాయింటు ఊడినా 80 లీటర్లే కారతాయి. ఏడాదికి రెండుసార్లు గీజరు విప్పి పెచ్చు తీయించాలి. మురుగు ట్యాంకు వాల్వ్ నిండేదాకా మూసే ఉంచాలి, తెరిచి పెడితే నీరంతా పోయి గట్టిది అడుగున గడ్డకడుతుంది. దాని పైపు తాగే నీళ్ల హోస్ దగ్గరికి కూడా రాకూడదు.

మొన్న లేపాక్షి వెళ్తూ దారిలో ఒకచోట ఆగాం. బావ మీటరు పెట్టాడు. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య 230 రావాల్సిన చోట అంకె 70 దగ్గర ఊగింది. కేబుల్ బండిలోనే ఉంచి రాత్రంతా బ్యాటరీ మీద ఫ్యాన్ వేసుకున్నాం. పొద్దున ఓనరు పిలిస్తే వచ్చిన ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పాడు. పచ్చ వైరు లోపలే ఉంది, కొస చెక్కకుండా మడిచి వెనక్కి తోసేసి ఉంది. "ఎన్నేళ్లుగా ఇట్లా ఉందో అన్నా" అంటూ అతను కొస చెక్కి స్క్రూకు బిగించాడు. బావ మళ్లీ మీటరు పెట్టాడు: 228.