ఓటమి పట్టికను కోచ్ ఎలా చదవాలి?

2021–22 ప్రో కబడ్డీ సీజన్‌లో తెలుగు టైటాన్స్ 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటంటే ఒక్కటే గెలిచింది. 17 ఓడింది, నాలుగు టై అయ్యాయి. కరోనా వల్ల ఆ సీజనంతా బెంగళూరులోనే, ప్రేక్షకులు లేని హాల్లో, బయటివాళ్లను కలవనివ్వని బయో బబుల్‌లో జరిగింది. ప్రధాన రైడర్ సిద్ధార్థ్ దేశాయ్ మొదట్లోనే గాయపడి ఆటకు దూరమయ్యాడు. ఓడిన రాత్రి ఇంటికెళ్లి నలుగురిలో కూర్చునే వీలు కూడా లేని రోజులవి. అలాంటి సీజన్‌ను మోయాల్సిన కోచ్ మనసు ఎలా పనిచేస్తుందో మనస్తత్వ శాస్త్రం కొంత చెప్పగలదు. దానికి ముందు పాయింట్ల పట్టికను ఒకసారి జాగ్రత్తగా చూడాలి.

ఆ ఏడాది టైటాన్స్‌కు వచ్చినవి 27 పాయింట్లు. అప్పట్లో ఈ లీగ్‌లో గెలిస్తే 5, టై అయితే 3 ఇచ్చేవారు. ఏడు లేదా అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఓడిన జట్టుకూ ఒక పాయింటు దక్కేది. ఒక గెలుపుకు 5, నాలుగు టైలకు 12, మొత్తం 17. మిగతా 10 పాయింట్లు ఎక్కడివి? స్వల్ప తేడాతో ఓడిన పది మ్యాచ్‌లవి! మరుసటి సీజన్‌లో జట్టు రెండు గెలిచి 20 ఓడింది, పాయింట్లు 15. అందులో గెలుపులవి 10 పోగా మిగిలేవి అయిదే. అంటే 20 ఓటముల్లో 15 పెద్ద తేడాతో వచ్చినవే. గెలుపులు ఒకటి నుంచి రెండుకు పెరిగాయి, ఆట మాత్రం దిగజారింది. పేపర్లో రెండూ ‘ఘోర వైఫల్యం’ అనే ఒకే మాట కింద పోయాయి. కోచ్‌కు మాత్రం ఈ రెండూ పూర్తిగా వేర్వేరు సమస్యలు. మొదటిదానికి చివరి నిమిషాల ఆట సరిచేయాలి, రెండోదానికి జట్టునే మళ్లీ కట్టాలి.

ఇంత తేడాను మనసు ఎందుకు పట్టించుకోదు? ఫలితం బాగుంటే నిర్ణయం మంచిదనీ, ఫలితం చెడితే నిర్ణయమే చెడ్డదనీ అనుకోవడం మనిషి సహజ గుణం. పైగా వరుస ఓటమి కనిపిస్తే దాని వెనక ఏదో పెద్ద కారణం ఉండి తీరాలని వెతుకుతాం. ఒక చిన్న లెక్క చూడండి. ప్రతి మ్యాచ్‌లోనూ గెలిచే అవకాశం సరిగ్గా సగం ఉన్న జట్టు ఒకటి 14 మ్యాచ్‌లు ఆడిందనుకుందాం. ఎక్కడో ఒకచోట వరుసగా నాలుగు ఓడిపోయే అవకాశం దానికి దాదాపు 35 శాతం ఉంటుంది. ఏ లోపమూ లేకుండానే, ప్రతి మూడు సీజన్లలో ఒకసారి! ఆ నాలుగో ఓటమి రాత్రి కోచ్ తనలో లేని తప్పును కూడా వెతికి పట్టుకుంటాడు.

అసలు దెబ్బ ఇంకోచోట తగులుతుంది. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు ప్రచురించారు. తప్పించుకోలేని విద్యుత్ షాకులు తిన్న కుక్కల్లో చాలావరకు, తర్వాత తప్పించుకునే దారి ఉన్నా కదలకుండా పడి ఉన్నాయి. ‘నా చేతిలో ఏమీ లేదు’ అని అవి నేర్చుకున్నాయని అప్పట్లో అర్థం చెప్పారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, ఎలుకల మెదళ్ల మీద జరిగిన పరిశోధనలను ముందుంచుకుని ఇద్దరూ ఆ వివరణను తిరగరాశారు. ఎడతెగని కష్టం ఎదురైతే చతికిలబడడం మెదడుకు పుట్టుకతోనే ఉన్న స్పందన, దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్చుకోవాల్సింది ‘ఇందులో కొంత నా చేతిలో ఉంది’ అన్నదే. ఆ సంగతి గుర్తించినప్పుడు మెదడు ముందు భాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్, మెదడు కాండంలో అతిగా స్పందిస్తున్న సెరొటోనిన్ నాడీకణాలను శాంతపరుస్తుంది.

ఎలుకల్లో తేలినదాన్ని మనిషికి నేరుగా అతికించలేం. అయినా కోచ్ పరిస్థితికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆటగాడు తప్పు చేస్తే తర్వాతి రైడ్‌లో సరిదిద్దుకోవచ్చు. కోచ్ గీత బయట కూర్చుని చూడాలి. బాధ్యతంతా తనది, కూత పెట్టేది ఇంకొకరు. అందుకే ‘తర్వాతి మ్యాచ్ గెలవాలి’ అనే లక్ష్యం ఓడుతున్న కోచ్‌కు పనికిరాదని నా గట్టి అభిప్రాయం. గెలుపు అతని చేతిలో లేదు. ‘ఈ వారం డూ ఆర్ డై రైడ్లలో మన కార్నర్ తొందరపడి ముందుకు దూకకూడదు’ (డూ ఆర్ డై అంటే వరుసగా రెండు రైడ్లు ఖాళీగా పోయాక వచ్చే మూడోది, అందులో పాయింటు తేకపోతే రైడర్ అవుటే; కార్నర్ అంటే చివర నిలబడే డిఫెండర్) అనేది అతని చేతిలో ఉంది. దాన్ని ప్రాక్టీసులో నేర్పొచ్చు, మ్యాచ్‌లో లెక్కపెట్టొచ్చు. ఓడిన రోజు కూడా అది మెరుగుపడిందో లేదో తెలుస్తుంది. మెదడుకు కావాల్సిన రుజువు అదే.

నిస్సహాయతకు రెండో ముఖం కంగారు. ఓడిన ప్రతిసారీ ఏడుగురిలో నలుగురిని మార్చేసే కోచ్‌లను చూస్తూనే ఉంటాం. ఇజ్రాయెల్ పరిశోధకులు 286 ఫుట్‌బాల్ పెనాల్టీ కిక్‌లను పరిశీలించి 2007లో ప్రచురించారు. గోల్‌కీపర్లు 93.7 శాతం సార్లు ఏదో ఒక పక్కకు దూకారు. మధ్యలో నిలబడితే ఆపే అవకాశం ఎక్కువగా ఉన్నా సరే! నిలబడి గోల్ ఇస్తే ‘ఊరికే చూస్తూ ఉన్నాడు’ అంటారన్న భయం. యజమానులదీ ఇదే బాట. డచ్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు జరిగిన కోచ్ మార్పులను బాస్ టెర్ వీల్ పరిశీలించాడు. కోచ్‌ను తీసేశాక ఫలితాలు మెరుగైనట్టు కనిపించాయి. అలాంటి పతనంలోనే ఉండి కోచ్‌ను మార్చని జట్లూ అలాగే కోలుకున్నాయి.

కోచ్ ముఖంలోని దిగులు డ్రెస్సింగ్ రూమ్‌కు అంటుకుంటుందన్న భయం కూడా ఉత్తిది కాదు. బ్రిటన్‌లో పీటర్ టాటర్‌డెల్ ప్రొఫెషనల్ క్రికెటర్ల చేత మ్యాచ్ జరుగుతుండగానే రోజుకు కొన్నిసార్లు తమ మూడ్ నమోదు చేయించాడు. మ్యాచ్ ఎలా సాగుతోందన్న దానితో నిమిత్తం లేకుండా, సహచరులు ఉత్సాహంగా ఉన్నప్పుడు ఆటగాడి మూడ్ కూడా బాగుంది. అలాగని కోచ్ దొంగ నవ్వు నవ్వాలని నేననను. బాధను దించుకోవడానికి అతనికి డ్రెస్సింగ్ రూమ్ కాక వేరే చోటు కావాలి. రోజుకు పావుగంట చొప్పున కొన్ని రోజులు, మనసులో ఉన్నదంతా ఎవరికీ చూపించనక్కర్లేని కాగితం మీద రాయడం అలాంటి చోటే. 1980ల్లో జేమ్స్ పెన్నెబేకర్ మొదలుపెట్టిన ఈ పద్ధతి అద్భుతాలేమీ చేయదు, మేలు కొద్దిపాటిదే. కానీ ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పెద్ద లీగుల్లో ఆటగాళ్ల కోసం సైకాలజిస్టులు వస్తున్నారు. కోచ్‌ను ‘నువ్వెలా ఉన్నావు’ అని అడిగేవాళ్లు తక్కువ. జిల్లా టోర్నీలకు పిల్లల్ని బస్సెక్కించి తీసుకెళ్లే పీఈటీ మాస్టార్లకు అదీ లేదు. హెడ్మాస్టరు, తల్లిదండ్రులు, ఊళ్లో పెద్దలు అందరూ స్కోరే అడుగుతారు. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, మైదానానికి వెళ్లాలంటేనే గుండె దడ పుట్టినా అది ‘టెన్షన్’ అని కొట్టిపారేసే విషయం కాదు, డాక్టర్‌తో మాట్లాడాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉంది. 14416కు ఫోన్ చేస్తే డబ్బేమీ తీసుకోరు, తెలుగులోనే మాట్లాడొచ్చు.