ఇనుము చల్లారాక వచ్చిన జ్యూరీ

మూడేళ్లు, అంతకన్నా తక్కువ శిక్ష పడే అవకాశమున్న చాలా కేసుల్ని పన్నెండు మంది సామాన్య పౌరుల జ్యూరీ లేకుండా జడ్జి ఒక్కరే తేల్చేలా మారుస్తామని 2025 డిసెంబరులో బ్రిటన్ న్యాయశాఖ మంత్రి డేవిడ్ లామీ ప్రకటించారు. దాంతో 1215లో ఇంగ్లండ్ రాజు ఒప్పుకున్న హక్కుల పత్రం మాగ్నా కార్టా మళ్లీ చర్చకొచ్చింది. తీవ్ర నేరాలను విచారించే క్రౌన్ కోర్టుల్లో పెండింగ్ కేసులు అప్పటికి 80 వేలకు చేరువయ్యాయి కాబట్టి, ‘న్యాయం ఆలస్యం చేయం’ అనే 40వ క్లాజు ప్రభుత్వానికి అండ. ‘సాటివారి తీర్పు లేదా దేశ చట్టం ప్రకారం తప్ప ఏ స్వతంత్రుడినీ చెరలో వేయం’ అనే 39వ క్లాజు వ్యతిరేకులకు బలం.

1215లో బారన్లు, అంటే పెద్ద భూస్వాములు, జాన్ రాజు మెడలు వంచిన కథ తెలిసిందే. ఆ పత్రంలో నేటి జ్యూరీ లేదన్న మాటా నిజమే. అసలు మలుపు అదే ఏడాది నవంబరులో రోమ్‌లో వచ్చింది.

అప్పటిదాకా ఇంగ్లండ్‌లో పెద్ద నేరాలను తేల్చేది దివ్యపరీక్ష. నిందితుడు ఎర్రగా కాల్చిన ఇనుము చేత్తో పట్టుకుని కొన్ని అడుగులు నడవాలి. తర్వాత చేతికి కట్టు కట్టి, మూడో రోజు విప్పి చూస్తారు. చీము పడితే దోషి, మానుతుంటే నిర్దోషి. ఈ తంతును మతగురువు ఆశీర్వదించాలి. ఇకపై అది కుదరదని రోమ్‌లో జరిగిన చర్చి పెద్దల లాటరన్ మహాసభ నిషేధించింది. జడ్జీలకు దిక్కుతోచలేదు. 1219 జనవరిలో బాలుడైన మూడో హెన్రీ పేరిట వచ్చిన ఉత్తర్వు కూడా తీవ్ర నేరాల నిందితులను జైల్లో ఉంచమని చెప్పి, చాలావరకు జడ్జీల విచక్షణకే వదిలేసింది.

తామే తీర్పు చెప్పేసే దారి జడ్జీలకుంది. కానీ క్రమంగా అంతా ఊరివాళ్ల దగ్గరికే వెళ్లారు. అంతకుముందు నేరం మోపడానికి పిలిచేవాళ్లనే ఒట్టు పెట్టించి, ‘ఇతను చేశాడా?’ అని అడగడం మొదలైంది. 1225లో పన్నుకు బదులుగా హెన్రీ మాగ్నా కార్టాను మళ్లీ జారీ చేశాడు. తర్వాతి తరాలకు అందులోని ‘సాటివారి తీర్పు’ అంటే ఒట్టు పెట్టిన ఈ పన్నెండు మంది ఊరివాళ్ల జ్యూరీయే. నాకు ఈ హక్కు పుట్టుక ఇక్కడే కనిపిస్తుంది.

తొంభై శాతానికి పైగా క్రిమినల్ కేసులు ఇప్పటికే జ్యూరీ లేకుండా మెజిస్ట్రేట్ల దగ్గరే ముగుస్తున్నాయని ప్రభుత్వం చెబుతోంది. బాధితులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారన్నదీ నిజమే.

అయితే 1670 కూడా గుర్తుంచుకోవాలి. వీధిలో మతబోధ చేసిన విలియం పెన్, విలియం మీడ్‌లను దోషులనడానికి జ్యూరీ ఒప్పుకోలేదు. జడ్జి ఆ జ్యూరర్లను రెండు రాత్రులు తిండి లేకుండా గదిలో బంధించాడు. అయినా మాట మార్చకపోవడంతో జరిమానా వేశాడు. కట్టనన్న జ్యూరర్ ఎడ్వర్డ్ బుషెల్ జైలుకెళ్లాడు. తీర్పు చెప్పినందుకు జ్యూరర్లను శిక్షించడం చెల్లదని చీఫ్ జస్టిస్ వాన్ తేల్చి, విడిపించాడు. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టు గోడ మీద ఆ జ్యూరీ ధైర్యాన్ని స్మరించే ఫలకం ఇప్పటికీ ఉంది.