వర్చువల్ అన్న ఒక్క మాట

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

సీ ప్లస్ ప్లస్‌లో ఇన్హెరిటెన్స్ అర్థమైంది గానీ వర్చువల్ ఫంక్షన్ అంటేనే టెన్షన్‌గా ఉందని మొన్న ఫోన్లో అన్నారు కదా. అది నోటితో చెబితే నిలవదు, అందుకే రాస్తున్నాను.

కరెంటు బిల్లుల ప్రోగ్రాం రాస్తున్నాం అనుకోండి. 'కనెక్షన్' అని ఒక తల్లి క్లాసు, అంటే ఆబ్జెక్టులు తయారయ్యే అచ్చు. సర్వీసు నంబరు, మీటరు రీడింగు, బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ అందులో ఉంటాయి. ఇంటి కనెక్షన్, పొలం మోటారు కనెక్షన్ దాని పిల్ల క్లాసులు. తల్లిలో ఉన్నవి పిల్లలకు వాటంతట అవే వస్తాయి. ఇన్హెరిటెన్స్ అంటే ఇంతే.

చిక్కంతా బిల్లు దగ్గరే. మన దగ్గర వ్యవసాయానికి ఉచిత కరెంటు కాబట్టి మోటారు క్లాసులో బిల్లు సున్నా వచ్చేలా ఫంక్షన్ మళ్ళీ రాశాం. నెలాఖరున అన్ని కనెక్షన్లనూ ఒకే వరుసలో పెట్టి, తల్లి క్లాసు పాయింటర్‌తో (ఆబ్జెక్ట్ అడ్రసు దాచుకునే వేరియబుల్) ఒక్కొక్కదాన్నీ బిల్లెంతని అడుగుతాం. తల్లి క్లాసులో ఆ ఫంక్షన్ ముందు వర్చువల్ అని లేకపోతే, మనం రాసినదాన్ని మెషిన్ భాషలోకి మార్చే కంపైలర్ పాయింటర్ రకం చూసి తల్లి ఫంక్షన్‌నే ఖాయం చేసేస్తుంది. రైతు మోటారుకు బిల్లు పడిపోతుంది! వర్చువల్ అని ఉంటే, ప్రోగ్రాం నడిచేటప్పుడు అక్కడ నిజంగా ఉన్న ఆబ్జెక్ట్ ఏదో దాని ఫంక్షనే నడుస్తుంది.

ఎలాగంటే, వర్చువల్ ఫంక్షన్ ఉన్న ఒక్కో క్లాసుకు కంపైలర్లు మామూలుగా ఆ ఫంక్షన్ల అడ్రసులతో ఒక పట్టిక కడతాయి. దాన్నే వీ-టేబుల్ అంటాం. అలాంటి క్లాసు ప్రతి ఆబ్జెక్టులోనూ ఆ పట్టికను చూపే పాయింటర్ ఒకటి దాగి ఉంటుంది. ఒక్క ఇంట్ (పూర్ణసంఖ్య) మాత్రమే ఉన్న క్లాసుకు, ఎన్ని బైట్లో చెప్పే సైజాఫ్ వేస్తే 4 వస్తుంది. ఒక వర్చువల్ ఫంక్షన్ చేర్చి మళ్ళీ వేయండి, 64 బిట్ల మెషిన్ మీద 16 కనిపిస్తుంది. పాయింటర్‌కు 8, ఇంట్‌కు 4, మిగతా 4 సర్దుబాటు ఖాళీ. నాకు ఈ విషయం తలకెక్కింది ఆ 16 చూశాకే.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఓస్లోలో డాల్, నిగార్డ్ అనే ఇద్దరు 1967లోనే సిములా భాషలో పెట్టారు. సీ ప్లస్ ప్లస్‌ను రూపొందించిన స్ట్రౌస్ట్రప్ అక్కడి నుంచే దాన్ని తెచ్చుకున్నారు.

ఒకసారి తల్లి ఫంక్షన్ చివర కాన్స్ట్ (ఆబ్జెక్టును మార్చనని చెప్పే మాట) ఉంటే, పిల్ల క్లాసులో నేను పెట్టడం మరిచాను. కంపైలర్ కిమ్మనలేదు, రెండింటినీ వేరువేరు ఫంక్షన్లుగా తీసుకుంది. రెండు రోజులు వెతికాను. 2011 ప్రమాణంతో ఓవర్‌రైడ్ అనే మాట వచ్చింది. పిల్ల క్లాసులో మళ్ళీ రాసే ఫంక్షన్ చివర దాన్ని తప్పక రాయండి, ఇలాంటి తప్పును కంపైలరే పట్టిస్తుంది. తల్లి పాయింటర్‌తో డిలీట్ చేసేట్టయితే తల్లి డిస్ట్రక్టర్‌నూ (ఆబ్జెక్ట్ పోయేటప్పుడు నడిచే ఫంక్షన్) వర్చువల్ చేయండి.

ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీ మెషిన్లో సైజాఫ్ ఎంత వచ్చిందో చెప్పండి.

మీ పెదనాన్న