యాంటీబాడీ లేబుల్‌ని ఎంతవరకు నమ్మాలి? మెదడు జబ్బుల ల్యాబ్ నుంచి అపోహలు - వాస్తవాలు

మా అనంతపురంలో ఫార్మసీ, బయోకెమిస్ట్రీ చదివి మతిమరుపు జబ్బుల మీద పరిశోధనకు దిగేవాళ్ళకు కొదవ లేదు. అల్జీమర్స్ అయితే చూసే ప్రోటీన్లు అమైలాయిడ్ బీటా, టావ్. పార్కిన్సన్స్ అయితే ఆల్ఫా సిన్యూక్లిన్. కండరాలను నడిపే నాడీకణాలు చచ్చిపోయే ఏఎల్‌ఎస్ అయితే టీడీపీ-43. వీటిలో దేన్ని చూడాలన్నా, దాన్ని వెతికి పట్టుకునే మరో ప్రోటీన్, అంటే యాంటీబాడీ కావాలి. 100 మైక్రోలీటర్ల సీసాకే 30-40 వేలు పోస్తాం కాబట్టి అది చూపించిందే వేదం అనుకోబుద్ధవుతుంది. ప్రోటీన్లను జెల్‌లో బరువు ప్రకారం విడదీసి, మెంబ్రేన్ అనే పలుచని పొర మీదకు ఎక్కించి, యాంటీబాడీ పట్టుకున్నచోటును బ్యాండ్ అనే చారగా చూడటాన్నే బ్లాట్ అంటాం. ఆ బ్లాట్లు వేసే పనిలోనే ఉన్నదాన్ని, స్కాలర్ల నోట తరచూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఒక్కటే బ్యాండ్, గీత గీసినట్టు వచ్చింది. ఇక ఈ యాంటీబాడీకి తిరుగులేదు.

టావ్ బ్లాట్‌లో అలాంటి బ్యాండ్ కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. పెద్దల మెదడులో టావ్ ఆరు రూపాల్లో ఉంటుంది. చిన్నదాంట్లో 352 అమైనో ఆమ్లాలు, పెద్దదాంట్లో 441. లెక్క ప్రకారం పెద్దదాని బరువు 46 కిలోడాల్టన్లకు (ప్రోటీన్ల బరువు కొలత) మించకూడదు, కానీ జెల్ మీద 60 దాటి పైన ఆగుతుంది. దానికి తోడు ఫాస్ఫేట్లు ఎక్కి ఉంటాయి కాబట్టి బ్యాండ్లు ఒకదానిమీద ఒకటి పడి అలుక్కుపోయినట్టు కనిపించడమే మామూలు. మరి 50 దగ్గర దిట్టంగా ఒక్కటే వచ్చిందంటే అదేమిటి? చిట్టెలుక మెదడు వాడితే, చాలాసార్లు అది ఆ చిట్టెలుక సొంత యాంటీబాడీ తాలూకు హెవీ చెయిన్, అంటే దాని పెద్ద గొలుసు. మెదడులో మిగిలిపోయిన రక్తంలో ఐజీజీ అనే రకం యాంటీబాడీ ఉంటుంది. టావ్‌ని పట్టుకోవడానికి మనం వేసే ప్రైమరీ యాంటీబాడీ కూడా చిట్టెలుకదే అయితే, దాన్ని పట్టుకోవడానికి వేసిన సెకండరీ యాంటీబాడీ రెండింటినీ పట్టుకుంటుంది. ఆ హెవీ చెయిన్ బరువు సరిగ్గా 50 చుట్టుపక్కలే! టావ్ జీన్ తీసేసిన చిట్టెలుకల మెదడులోనూ ఈ బ్యాండ్ వస్తుందని 2014లోనే ప్రచురించి చూపించారు.

జీన్ తీసేసిన చిట్టెలుకలు మనకెక్కడ దొరుకుతాయి అంటారా? అక్కర్లేదు. మెంబ్రేన్‌లో ఒక ముక్క కోసి, దానికి ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసి చూడండి. అదే బ్యాండ్ అక్కడా వచ్చిందంటే అది టావ్ కాదు. దీనికి అదనంగా పైసా ఖర్చు లేదు. అయినా వైవాకి తెచ్చే థీసిస్‌లలో ఈ ముక్క కనబడటం అరుదు. మెదడు తీసేముందు సెలైన్‌తో రక్తం కడిగేయడం, లైట్ చెయిన్‌ని మాత్రమే పట్టుకునే సెకండరీ కొనడం ఆ తర్వాతి మెట్లు.

అపోహ: డేటాషీట్‌లో అమైలాయిడ్ బీటా అని ఉంది కదా, ఎలుకలోనూ పట్టుకుంటుంది.

మన కాలేజీల్లో ఎక్కువగా నడిచేవి విస్టార్ జాతి ఎలుకలకు మతిమరుపు తెప్పించడానికి అల్యూమినియం క్లోరైడ్ ఇచ్చి, ఏదో ఒక ఆకు కషాయం పని చేస్తుందా లేదా అని చూసే ప్రాజెక్టులు. అందుకే ఈ అపోహతోనే ఎక్కువ నష్టం. మనిషి అమైలాయిడ్ బీటాకి, ఎలుకదానికి తేడా మూడే అమైనో ఆమ్లాలు: 5, 10, 13 స్థానాల్లో ఉన్నవి. అందరూ పేరు విన్న 6ఇ10 అనే యాంటీబాడీ పట్టుకునేది మొదటి 16లోని భాగాన్నే. అంటే తేడా ఉన్నచోటే దాని పట్టు. మనిషి జీన్ పెట్టిన చిట్టెలుకల్లో అది అద్భుతంగా పని చేస్తుంది, మామూలు విస్టార్‌లో దాదాపు పనికిరాదు. 4జి8 పట్టుకునేది 17 నుంచి 24 మధ్య. అక్కడ రెండు జాతులకూ తేడా లేదు కాబట్టి అది నయం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ రెండూ అమైలాయిడ్ బీటాతో పాటు, అది పుట్టే పెద్ద ప్రోటీన్ ఏపీపీని కూడా పట్టుకుంటాయి. అమైలాయిడ్ బీటా బరువు 4 కిలోడాల్టన్లు చిల్లర, ఏపీపీ 100 దగ్గర్లో ఉంటుంది. 100 దగ్గర బ్యాండ్ పలచబడింది చూపించి 'మా కషాయంతో అమైలాయిడ్ తగ్గింది' అని రాస్తే, తగ్గింది ఏపీపీ అని రివ్యూయర్ ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. మూడేళ్ళ కష్టం ఆ ఒక్క ముక్కతో పోతుంది. మామూలు ఎలుకలు ఎంత ముసలివైనా, మనిషి మెదడులో వచ్చే ప్లాక్‌లు (అమైలాయిడ్ ముద్దలు) వాటిలో రావన్నది కూడా గుర్తుంచుకోవాలి.

అపోహ: బ్యాండ్ రాలేదు. యాంటీబాడీ వేస్ట్, డబ్బు బూడిదలో పోశాం.

ఆగండి. ఆల్ఫా సిన్యూక్లిన్ 140 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్. జెల్ నుంచి మెంబ్రేన్ మీదకు ఎక్కుతుంది గానీ, అక్కడ నిలవదు, కడిగిన ప్రతిసారీ కొంత జారిపోతుంది. ట్రాన్స్‌ఫర్ అయ్యాక మెంబ్రేన్‌ని 0.4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో అరగంట ఉంచితే అది అతుక్కుంటుంది. ఈ చిట్కా 2011లో ప్రచురితమైంది. అరగంట పని, ఫలితంలో మాత్రం భూమ్యాకాశాల తేడా. రంధ్రాలు 0.45 మైక్రాన్లున్న మెంబ్రేన్ కాక 0.2 ఉన్నది తీసుకోండి.

యాంటీబాడీ బతికే ఉందా అని టెన్షన్ పడేవాళ్ళకు తేలికైన పాజిటివ్ కంట్రోల్ (ఆ ప్రోటీన్ తప్పకుండా ఉండే నమూనా) ఒకటుంది: మనిషి ఎర్ర రక్తకణాలు. రక్తంలోని ఆల్ఫా సిన్యూక్లిన్‌లో 99 శాతం పైగా వాటిలోనే ఉంటుంది. రోగుల ప్లాస్మాలో దీన్ని కొలిచేవాళ్ళు భయపడాల్సింది కూడా ఇందుకే. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలి ప్లాస్మాకి కాస్త ఎర్రరంగు వచ్చిందంటే, కొలిచింది జబ్బుని కాదు, సూది గుచ్చిన తీరుని.

అపోహ: వంద పేపర్లలో వాడారు, ఇంకా మనం పరీక్షించేదేంటి?

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు సి9ఓఆర్‌ఎఫ్72 అనే ప్రోటీన్ తీసుకున్నారు. దీని జీన్‌లో వచ్చే లోపమే ఏఎల్‌ఎస్‌కి ఎక్కువగా కనిపించే వంశపారంపర్య కారణం. బజారులో దొరికే 16 యాంటీబాడీలను, ఆ జీన్ తీసేసిన కణాలతో పోల్చి పరీక్షించారు. పేపర్లలో తెగ వాడినవే తేలిపోయాయి. ఇది 2019 సంగతి. ఆ బృందమే 2023లో 65 ప్రోటీన్లకు 614 యాంటీబాడీలను పరీక్షించి ఫలితాలు బయటపెట్టింది. జంతువుల నుంచి తీసేవాటికన్నా, జీన్ వరుస తెలిసి ల్యాబ్‌లో తయారుచేసే రీకాంబినెంట్లు సగటున మెరుగ్గా నిలిచాయి. కంపెనీలు కూడా కొన్నిటిని అమ్మకం నుంచి తీసేశాయి. ఆ రిపోర్టులు ఉచితం. ఆర్డర్ పెట్టకముందు పది నిమిషాలు అవి తిరగేస్తే చాలు. 'సార్ చెప్పారు, సీనియర్ వాడారు' అన్నది మాత్రం నా దృష్టిలో కారణమే కాదు.

అపోహ: మతిమరుపుకి మందు మీ ఫ్రిజ్‌లోనే ఉందంట కదా!

ఇది ల్యాబ్ బయటివాళ్ళ మాట. "ఏం తల్లీ, మా మామకు రెండు సూదులు వేయగూడదా?" అని అడిగేవాళ్ళున్నారు. అల్జీమర్స్‌కి యాంటీబాడీ మందులు వచ్చిన మాట నిజమే. అమెరికాలో లెకానెమాబ్‌కి 2023లో, డొనానెమాబ్‌కి 2024లో పూర్తి అనుమతి దొరికింది. అవి తొలిదశలో జబ్బు నడకను కొంత నెమ్మదింపజేస్తాయి, పోయిన జ్ఞాపకాన్ని తిరిగి తేలేవు. మెదడు వాపు, సన్నటి రక్తస్రావం వస్తాయేమోనని ఎంఆర్‌ఐలు తీస్తూనే ఉండాలి. మా దగ్గర ఉండేవి చిట్టెలుకవో, కుందేలువో. చాలావాటిలో పాడవకుండా సోడియం అజైడ్ కలుపుతారు, అది విషం. 'పరిశోధనకు మాత్రమే' అని సీసా మీద రాసేది ఊరికే కాదు.

అపోహ: పార్సిల్ తెరిచేసరికి ఐస్ కరిగింది. ఇక పారేయడమే.

మే నెలలో అనంతపురం 42 డిగ్రీల్లో మాడుతుంటే, బెంగళూరు నుంచి వచ్చిన డబ్బాలో జెల్ ప్యాక్ గోరువెచ్చగా తగలడం మామూలే. కంగారు పడొద్దు. ఐజీజీ గట్టి పిండం. సాధారణంగా 60 డిగ్రీలు దాటితేగానీ దాని ఆకారం చెడదు. రెండుమూడు రోజుల వేడికి మామూలు ద్రవ యాంటీబాడీలు చాలావరకు తట్టుకుంటాయి. ముందు పాజిటివ్ కంట్రోల్‌తో ఒక బ్లాట్ వేసి, ఆ తర్వాత ఫిర్యాదు చేయండి. అసలు చంపేది వేడి కాదు, గడ్డకట్టడం, కరగడం పదే పదే జరగడం. కరెంటు పోయి వచ్చే చోట, మంచు దానంతటదే కరిగించుకునే రకం ఫ్రీజర్‌లో సీసా పెడితే ఆ పని రోజూ జరుగుతుంది. వచ్చిన రోజే ఐదేసి, పదేసి మైక్రోలీటర్లుగా పంచి పెట్టుకోండి, ట్యూబుల మీద లాట్ నంబరు కూడా రాయండి. వాడిన ప్రైమరీని మళ్ళీ వాడుకోవడానికి అజైడ్ కలిపితే తప్పు లేదు. హెచ్‌ఆర్‌పీ అనే ఎంజైమ్ తగిలించిన సెకండరీలో మాత్రం కలపకండి, ఆ ఎంజైమ్‌ని అజైడ్ పనిచేయనివ్వదు.