చెక్కపెట్టె ఎన్ని కిలోలు?

గేమ్స్ తయారుచేసే యూనిటీ ఇంజిన్‌లో ఏ వస్తువుకైనా రిజిడ్‌బాడీ (వస్తువును ఫిజిక్స్ సూత్రాల ప్రకారం కదిలించే భాగం) తగిలిస్తే మాస్, అంటే బరువు గడిలో 1 అని వస్తుంది. కొత్తగా గేమ్స్ చేసేవాళ్లు చాలామంది దాన్ని అలాగే వదిలేస్తారు. దాంతో కుర్చీ ఒక కిలో, లారీ కూడా ఒక కిలో. రెండూ గుద్దుకుంటే కుర్చీ దెబ్బకు లారీ పక్కకు జరుగుతుంది, ఆడేవాళ్లకు ఫిజిక్స్ రాకపోయినా ఏదో తేడాగా ఉందని ఇట్టే తెలిసిపోతుంది.

సరే, అసలు బరువులే ఇద్దామంటే సాంద్రతను ఘనపరిమాణంతో గుణించాలి. ఇటుకలాంటి వాటికి ఇది చక్కగా పనిచేస్తుంది, మూడు కిలోలకు కాస్త అటూ ఇటూగా వస్తుంది. చిక్కంతా బోలు వస్తువులతోనే. అన్ని వైపులా మీటరు ఉన్న చెక్కపెట్టెను తీసుకోండి. ఘనపు మీటరు చెక్క 600 కిలోలనుకుని పెట్టెకూ అంతే ఇచ్చేస్తారు, కానీ లోపల ఉన్నది గాలి కదా! 2 సెంటీమీటర్ల పలకలతో చేసిన పెట్టె అయితే అందులో చెక్క 0.115 ఘనపు మీటర్లే, అంటే దాదాపు 70 కిలోలు. ఇంట్లో గ్యాస్ సిలిండరూ అంతే, నిండుగా ఉంటే 30 కిలోల దాకా తూగుతుంది, ఖాళీ అయితే అందులో దాదాపు సగం, చూడ్డానికి మాత్రం ఒకటే.

వస్తువు దూదిలా మెల్లగా పడుతోందని బరువు పెంచేవాళ్లూ ఉన్నారు. దానివల్ల ఏమీ మారదు. 1971లో అపోలో 15 యాత్రలో డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద సుత్తినీ ఈకనూ ఒకేసారి వదిలితే రెండూ కలిసే నేలను తాకాయి. గేమ్‌లో ఇలా జరిగితే చూడాల్సింది కొలతలు. మీటరు ఎత్తు నుంచి పడటానికి 0.45 సెకన్లు చాలు, పది మీటర్ల నుంచైతే 1.43 పడుతుంది, కాబట్టి బల్లను పొరపాటున పదింతలు పెద్దగా చేస్తే దాని మీది గ్లాసు తీరిగ్గా దిగుతుంది.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా, అసలు బరువులిచ్చినా ఇంజిన్ తడబడే చోటు ఒకటుంది, నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది అదే. కిలో డబ్బా మీద వెయ్యి కిలోల కారు పెట్టండి, డబ్బా నేలలోకి కూరుకుపోతుంది లేదా వణుకుతూ ఎగిరిపోతుంది. చాలా ఇంజిన్లు తాకిడులన్నిటినీ ఒకేసారి లెక్కకట్టవు, ఒక్కోటీ వరసగా సరిచేస్తూ ఫ్రేమ్‌కు కొన్ని విడతలే తిరుగుతాయి, యూనిటీలో మామూలుగా 6. కారుకీ డబ్బాకీ మధ్య తాకిడిని సరిచేసినప్పుడు డబ్బా తేలిక కాబట్టి వెంటనే కిందికి కదిలిపోతుంది, కారు వేగంలో మాత్రం వెయ్యో వంతే తగ్గుతుంది. తర్వాత నేల డబ్బాను ఆపుతుంది, మళ్లీ కారు, మళ్లీ వెయ్యో వంతు. ఆరు విడతల్లో అది తేలదు. కిందటి ఫ్రేమ్‌లో వచ్చిన జవాబుతో మొదలుపెట్టడం వల్ల కొంత నయమే గానీ పూర్తిగా పోదు. అదే డబ్బాను కారు మీద పెడితే ఏ గొడవా లేదు.

అందుకే ముందు నిజమైన బరువు లెక్కకట్టి, ఆ తర్వాత ఒకదాన్నొకటి మోసే వస్తువుల మధ్య తేడాను కావాలనే కుదించడం మంచిదంటాను. బాక్స్2డీ అనే ఫిజిక్స్ ఇంజిన్ మాన్యువల్ అయితే బరువుల నిష్పత్తి 10:1 దాటితే స్థిరత్వం తగ్గడం మొదలవుతుందని చెబుతుంది. గొలుసుకు 500 కిలోల ఇనుప గుండు వేలాడదీసి లింకులకు కిలో చొప్పున ఇస్తే గొలుసు రబ్బరులా సాగుతుంది. లింకులను 50 కిలోలు చేస్తే సాగడం చాలావరకు ఆగి, గుండు గోడను తాకినప్పుడు ఇటుకలు అనుకున్నట్టే చెదురుతాయి.